పసుపు గొడుగు

రంగూను,
1946 ఆగస్టు 11

అక్కకు సన్యాసి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఓడలో ఉన్నన్నాళ్ళూ వాంతులే. నువ్విచ్చిన ఆవకాయ జాడీ మాత్రం పగలకుండా వచ్చింది. ప్రస్తుతానికి రంగూనులో నా ఆస్తి అదొక్కటే. మేము కాపురమున్న వీధి సగం బూడిద, సగం గడ్డి. అయినా పాత బియ్యం మిల్లు మళ్ళీ తిరుగుతోంది, మేస్త్రీ పని మళ్ళీ నాకే ఇచ్చారు. పదిమందితో కలిసి ఒక గదిలో పడుకుంటున్నాను. ఇల్లంటూ దొరికాక నా పెళ్ళాన్ని పిలిపించుకుంటాను. అంతదాకా నీ దగ్గరే.

నాలుగేళ్ళ క్రితం బాంబులకు భయపడి, అరకాన్ కొండలు కాలినడకన దాటి, నేను నీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వెంట ఒక బర్మా పిల్ల. నువ్వు ఆమె ఎవరని అడగలేదు. "ముందు కాళ్ళు కడుక్కోండి" అన్నావు. ఆ మాట నేను చచ్చేదాకా మరవను. మర్నాడు ఖిన్ సాన్ అన్న పేరుకు నోరు తిరగడం లేదని సీతాలమ్మ అని పెట్టావు. నేనూ ఊరుకున్నాను.

ఒక్క సంగతి చెప్పాలి. నాలుగేళ్ళుగా నీ ఇంట్లో ఆమె పిడకలు చేసింది, పొయ్యి ఊదింది, పల్లెత్తు మాట అనలేదు. అదంతా అణకువ అనుకోకు అక్కా. బసీనులో గొడుగులు కట్టే ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. బసీనంటే రంగూను నుంచి ఒక రోజు పడవ ప్రయాణం. వాళ్ళమ్మ దగ్గర ఆరో ఏట వెదురు చీల్చడం మొదలుపెట్టింది. యుద్ధం గొడవలో ఆ సంగతి నేనే మరిచిపోయాను. నేను బయలుదేరే ముందు పదిరోజులూ ఊరికే చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. వెదురు అడిగితే కాదనకు.

వీలు చూసుకుని బసీను వెళ్ళి వాళ్ళమ్మ ఎలా ఉందో కనుక్కుంటానని చెప్పు. ఇన్నేళ్ళుగా ఒక్క కబురూ లేదు పాపం. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
సన్యాసిరావు


అనకాపల్లి,
1946 అక్టోబరు 2

చిరంజీవి సన్యాసిని అక్క దీవించి రాసేది.

వెదురు అడిగితే కాదనవద్దన్నావు. అడిగితే కదరా కాదనడానికి! నీ ఉత్తరం చదివి వినిపించిన మర్నాడు లేచి చూస్తే పెరటి దడిలో సగం వెదురు లేదు. ఆ సందులోంచి మేకలు దూరి నా కాకరపాదు మొదలంటా మేసిపోయాయి. నీ పెళ్ళాం అరుగు మీద కూర్చుని ఆ వెదుర్లు చీలుస్తోంది. తిడదామని వెళ్ళి నిలబడ్డాను. ఆ కత్తి ఆడే తీరు చూస్తూ పొయ్యి మీద పప్పు మాడబెట్టాను.

తర్వాత ఏదో కాయ కావాలంది. తెలుగులో దాని పేరు తెలియదు. గుండ్రంగా ఉంటుంది, పచ్చిది, జిగురు కారుతుంది, వగరు. నేను వెలగకాయ చూపించాను, కాదంది. మారేడుకాయ చూపించాను, కాదంది. వారానికోసారి రాంబిల్లి నుంచి ఎండు చేపలు తెచ్చే తల్లమ్మ నీకు గుర్తుంది కదా. ఆవిడ బుట్ట దించగానే మన సీతాలమ్మ గబుక్కున వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది. "ఓలమ్మో, ఈ గుంటకేటయ్యిందే! నా సేతులు తినేత్తాదేటి!" అని తల్లమ్మ ఒకటే కేకలు. తీరా చూస్తే ఆ చేతులు నల్లగా ఉన్నాయి. ముందురోజు వలలకు తుమికి కాయల రసం పట్టించిందట, ఉప్పునీళ్ళకు దారం కుళ్ళకుండా. బసీనులో గొడుగులకు రాసేదీ ఆ రసమేనట, వాననీళ్ళు గుడ్డలోంచి దిగకుండా. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఒకరికొకరు ఏమర్థమైందో దేవుడికే తెలియాలి. మళ్ళీ వారం తల్లమ్మ కుండెడు రసం మోసుకొచ్చింది. దాని వాసన గురించి రాయను. మీ బావ రెండు రోజులు పక్కింటి అరుగు మీద భోంచేశారు.

ఇక నా తప్పు చెప్పాలి. నువ్వు ఎలాగూ వింటావు, నా నోటనే విను.

నీ పాత పంచె ఒకటి కప్పి పదకొండు రోజులకు గొడుగు కట్టింది. విప్పి పెరట్లో ఎండకు పెట్టింది. అంత సన్నని పుల్లలు, అన్ని ముడులు, ఒకదానికొకటి తేడా లేదు. నాకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. ఇంట్లోకి కొత్త వస్తువేదొచ్చినా, చేటైనా చీపురైనా, పసుపు రాసి బొట్టు పెట్టకుండా ముట్టుకుంటామా? ఆమె స్నానానికి వెళ్ళిన సమయం చూసి, మరదలి పనికి మర్యాద చేద్దామని గిన్నెడు పసుపు కలిపి గొడుగంతా పూశాను. రసం ఇంకా ఆరలేదని నాకేం తెలుసు? పసుపు ఆ జిగురులో దిగిపోయింది. తుడిస్తే పోదు, కడిగితే పోదు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల ఏడుపు విన్నాను సన్యాసీ. నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం చూద్దును కదా, అదే గొడుగు కింద కూర్చుని నవ్వుతోంది. ఎందుకు నవ్వుతున్నావే అంటే చెప్పదు. "పసుపు ఇంకా ఉందా వదినా?" అంది. ఇదేం మనిషిరా? నీకేమైనా తెలిస్తే రాయి.

అక్క
కనకమహాలక్ష్మి


రంగూను,
1946 నవంబరు 5

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. తల్లమ్మ చేతుల దగ్గర ఒకడు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. మేకల సంగతికి మాత్రం నన్ను క్షమించు.

ఆమె ఎందుకు నవ్విందో నేను చెప్పగలను. ఇక్కడ బౌద్ధ సన్యాసులు పట్టుకునే గొడుగులు పండిన పోకకాయ రంగులో ఉంటాయి. పొద్దున్నే భిక్షకు వరుసగా వెళుతుంటే వీధంతా ఆ రంగే. నువ్వు చెడగొట్టిన గొడుగు కింద కూర్చుంటే ఎండ ఆ రంగులో ఒంటి మీద పడి ఉంటుంది. తన ఊరు గుర్తుకొచ్చి ఉంటుంది. అంతే అయ్యుంటుంది.

వాళ్ళమ్మ పేరు ఎయ్ టిన్. పెద్ద గట్టి మనిషి. గొడుగు అమ్మేముందు దాని కింద తానే పీట వేసుకుని కూర్చునేది. కూతురు పైనుంచి బిందెడు నీళ్ళు పోసేది. ఒక్క చుక్క దిగినా ఆ గొడుగు విప్పి మళ్ళీ మొదటినుంచీ కట్టేవాళ్ళు. కొనడానికొచ్చినవాళ్ళు ఆ తతంగం చూడడానికే నిలబడిపోయేవాళ్ళు. మిల్లు పని మీద బసీను వెళ్ళినప్పుడు నేనూ అలా నిలబడినవాణ్ణే. గొడుగు కొనకుండా నెల రోజులు నిలబడ్డాను. చివరికి ముసలావిడే అడిగింది, నీక్కావలసింది గొడుగా, పిల్లా అని.

బసీను ఇంకా వెళ్ళలేదు. పడవలు సరిగా నడవడం లేదు. ఆమెతో అలాగే చెప్పు.

తమ్ముడు
సన్యాసిరావు


అనకాపల్లి,
1947 జనవరి 20

చిరంజీవి సన్యాసిని దీవించి రాసేది.

కోపంగా ఉన్నాను. అయినా జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను, తీర్పు నువ్వే చెప్పు.

కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. మీ బావ ఆ పసుపు గొడుగు వేసుకుని బెల్లం మార్కెట్టుకు వెళ్ళారు. రావికమతం నుంచి బళ్ళ మీద బెల్లం తెచ్చినవాళ్ళు దిమ్మలు తడవకుండా తాటాకులు కప్పుకుంటూ, ఆయన్ను చూసి ఈ పచ్చటి గొడుగు ఎక్కడిదని అడిగారట. మా ఇంటిదని చెప్పారట. మా ఇంటిది! వాసనకు పక్కింట్లో భోంచేసిన మనిషి!

ఆ మాట గంగన్న మామ చెవిన పడింది. మన వీధి అమ్మవారి జాతర నడిపించేది ఆయనే కదా. అమ్మవారి ఊరేగింపు గొడుగు యుద్ధానికి ముందే చిల్లులు పడింది. గుడ్డకు కంట్రోలు వచ్చాక కొత్తది కట్టించే దారి లేదు. ఆయన మన ఇంటికొచ్చి గొడుగు తిప్పి తిప్పి చూసి, "బాగానే ఉంది గానీ, అమ్మోరికి పనికొత్తాదేటే? దారిలో వాన పడి అమ్మోరు తడిసిపోతే ఎవులు సమాధానం సెప్తారు?" అన్నాడు.

మన సీతాలమ్మ వాకిట్లో పీట వేసి, "మామా, కూకో" అంది. గొడుగు విప్పి ఆయన చేతికిచ్చింది. ఆయన ఏదో చూపిస్తుందనుకుని దర్జాగా కూర్చున్నాడు. అరుగెక్కి బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. "ఒరే, సంపేత్తందిరోయ్!" అని గంగన్న మామ గావుకేక. వీధి వీధంతా వచ్చేసింది. నీళ్ళన్నీ చుట్టూ జారిపోయాక ఆయన తలపాగా తడుముకుని చూసుకున్నాడు. పొడి. భుజాలు పొడి. కాసేపు ఆలోచించి, "ఇంకో బిందె పొయ్యే గుంటా" అన్నాడు. మూడు బిందెలు పోయించుకున్నాడు. లేచి, అమ్మవారి గొడుగు నువ్వే కట్టాలన్నాడు.

ఇంతవరకు బాగుంది. మన వీధి ఆచారం నీకు తెలుసు. కొత్త గొడుగు విప్పేటప్పుడు డప్పులు ఆపుతారు. కట్టిన మనిషి ఊరూ పేరూ మూడుసార్లు పిలుస్తారు. ఆ పిలుపు అయ్యాకే అమ్మవారు గొడుగు కిందికి వస్తుంది. మనం పుట్టకముందు పిలిచిన పేరు ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పుకుంటారు. అలాంటి పిలుపు మన ఇంటికి రావడమంటే మాటలా? గంగన్న మామ అప్పుడే వరస కూడా పెట్టేశాడు. "అనకాపల్లి విల్లూరోరి సన్యాసిరావు పెళ్ళాం సీతాలమ్మ. అలా పిలుత్తాం" అన్నాడు. మన నాన్న ఇంటిపేరు అమ్మవారి ముందు పిలుస్తారంటే నాకు ఒళ్ళు పులకరించింది.

రెండు వారాలు పని బాగానే సాగింది. అంకుడు కర్రతో నడిమి బొడ్డు చెక్కింది, ఊచలన్నీ సిద్ధం చేసింది. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు ఆ పిలుపు సంగతి మాటల్లో చెప్పాను. కత్తి కింద పెట్టేసింది. "సీతాలమ్మ ఎవరు వదినా? గొడుగు ఆవిడ సేత కట్టించుకోండి" అంది. కత్తిని గుడ్డలో చుట్టి లోపల దాచేసింది. ఐదు రోజులైంది, ముట్టుకోలేదు.

నాకు కోపం రాదా? నాలుగేళ్ళు అన్నం పెట్టిన ఇంటి పేరు చేదైందా అని అడిగేశాను. అనకూడని మాటే, అనేశాను. ఆమె వెళ్ళి పిడకలు చేసుకుంది. జాతర కొత్త అమావాస్యకు, రెండు నెలలు ఉంది. గొడుగు సగంలో ఉంది. కట్టకపోతే వీధిలో నేను తలెత్తుకోలేకపోవడం సరే, మళ్ళీ ఆ పిల్ల చేతికి ఎవరు పని ఇస్తారు? నీ పెళ్ళానికి నువ్వే నచ్చజెప్పు.

అక్క


రంగూను,
1947 ఫిబ్రవరి 12

అక్కకు నమస్కారాలు.

నీ కోపం చూశాను. కానీ ఈసారి తప్పు ఆమెది కాదు, నీది కూడా కాదు, నాది.

ఈ దేశంలో ఇంటిపేర్లు లేవు. ఆడపిల్లకు పెళ్ళయినా పేరు మారదు. పుట్టినప్పుడు పెట్టిన పేరే కాటికి పోయేదాకా. మా పెళ్ళినాడు వాళ్ళమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగింది. "మీ దేశం తీసుకెళితే తీసుకెళ్ళు. పేరు మాత్రం మార్చకు. పేరు మారితే నేను ఎవరి కోసం వెతుక్కోవాలి?" అంది. నేను మాట ఇచ్చాను. నీ ఇంట్లో మొదటిరోజే తప్పాను. వీధిలో నవ్వుతారని భయం.

నేను పదిహేనేళ్ళు ఇక్కడ ఉన్నాను అక్కా. నా పేరు ఎవరూ మార్చలేదు. నోరు తిరక్కపోయినా "సాన్యాసీ" అని అవస్థపడి పిలిచారు. యుద్ధానికి ముందు మనవాళ్ళు రొమ్ముకు తప్పెటగుళ్ళు కట్టుకుని రంగూను వీధుల్లో ఆడేవాళ్ళు. బర్మావాళ్ళు పిల్లలను భుజాన ఎత్తుకుని, తెలుగువాళ్ళ ఆట వస్తోందని చూపించేవాళ్ళు. ఆ మాట వింటే ఎంత గర్వంగా ఉండేదో నాకు తెలుసు. పగలంతా బస్తాలు మోసిన ఒళ్ళు నొప్పులు కూడా తెలిసేవి కావు. ఆ గర్వం ఆమెకు మనం ఇవ్వలేదు.

ఇంకొకటి. బసీను వెళ్ళలేదని రాశాను కదా, అబద్ధం. అక్టోబరులోనే వెళ్ళాను. ఎయ్ టిన్ లేదు. యుద్ధం వచ్చిన రెండో ఏడు జ్వరంతో పోయింది. పక్కకొట్టు ముసలాయన ఊ బ తిన్ చెప్పాడు, చివరిదాకా నా కూతురు నడిచి ఊరు చేరిందో లేదో అంటూనే ఉందట. ఇది రాయడానికి నాకు నాలుగు నెలలు చెయ్యి రాలేదు. ఇప్పుడు ఈ బరువు నీ నెత్తిన పెడుతున్నాను. ఆమెకు ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నువ్వే చూసుకో. నాకు ధైర్యం లేదు.

సన్యాసిరావు


అనకాపల్లి,
1947 మార్చి 26

తమ్ముడూ,

జాతర అయిపోయింది. మూడు రోజులుగా వచ్చేపోయే జనమే. ఇప్పటికి తీరింది. కూర్చుని చదువు.

నీ ఉత్తరం ఫిబ్రవరి నెలాఖరున వచ్చింది. చదివి బియ్యం డబ్బాలో అడుగున దాచాను. తల్లి చావు కబురు విన్న కూతురికి మైల. మైల మనిషి అమ్మవారి గొడుగు ముట్టకూడదు. మూడు రోజులతో సరిపోతుందని నేను అనుకున్నా, ఈ ఏడు ఆ చేతులు తగలకూడదని అడ్డం తిరిగేవాళ్ళు వీధిలో నలుగురున్నారు. చెప్పకపోతే తల్లి పోయిన సంగతి కన్నకూతురికి దాచిన పాపం నాది. చెబితే ఆ గొడుగు, ఆ పిలుపు, అన్నీ పోతాయి. దాచేశాను. ఉత్తరంలో ఏముందని అడిగింది. అంతా కులాసా అన్నాను.

తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళాను. నాలుగేళ్ళకు మొదటిసారి "ఖిన్ సాన్" అన్నాను. నాలుక మడతపడింది. ఆమె చేతిలో పిడక అలాగే పట్టుకుని తలెత్తి చూసి, "మళ్ళీ అను" అంది. అన్నాను. పదిసార్లు అనిపించుకుంది. చివరికి ఇద్దరం నవ్వుకున్నాం. లోపలికి వెళ్ళి కత్తి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న వెదురు నునుపు చేస్తూ, తలెత్తకుండా అంది: "పిలిత్తే మా అమ్మ పేరు కూడా పిలవమను వదినా. బసీను ఎయ్ టిన్ కూతురు ఖిన్ సాన్. పని అమ్మది, సెయ్యి నాది."

నేను గంగన్న మామ ఇంటికి వెళ్ళాను. మీ బావ వద్దు వద్దంటూనే నా వెనకే వచ్చారు. మామ వినగానే లేచాడు. "అదేటే! ఊరు సూత్తే సముద్రం అవతల. ఇంటిపేరు లేదు, మొగుడి పేరు లేదు. మొగుడి ఇంటిపేరు లేకండా ఆడదాన్ని అమ్మోరి ముందర ఎలాగ పిలుత్తాం?"

నాకు ఎక్కడినుంచి వచ్చిందో మాట, అమ్మవారే పలికించింది. "అమ్మోరి ఇంటిపేరేటి మామా?" అన్నాను. "అమ్మోరి మొగుడి పేరేటి? నువ్వు పుట్టిన కాడ్నుంచీ ఒట్టి పేరెట్టే పిలుత్తన్నావు కదా, పలకట్లేదా నీకు?" అన్నాను. మీ బావ నా వెనకనుంచి, "అది నిజమే కదా మామా" అన్నారు. పెద్దల ముందు ఆయన నోరు విప్పడం నేను చూడడం అదే మొదలు. గంగన్న మామ చాలాసేపు తలపాగా విప్పి చుట్టుకుని, విప్పి చుట్టుకుని, "పేరు సరిగ్గా నేర్పండి మరి. తప్పు పిలిత్తే నాకే అప్రదిష్ట" అన్నాడు.

ఇక గొడుగు. పట్టు కావాలి, పట్టెక్కడిది? నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్తున్నాను. ఆమె పెళ్ళినాటి పట్టు లుంగీ, అరకాన్ కొండల్లో నడుముకు చుట్టుకుని తెచ్చుకున్నది, అది తీసి నా ముందు పెట్టింది. కత్తెర కూడా నా చేతికే ఇచ్చింది. "నువ్వు కొయ్యి వదినా, నాకు సేతులు రావట్లేదు" అంది. కోశాను. నా చేతులు మాత్రం వచ్చాయనుకున్నావా? పట్టు అతికించి రసం పట్టించే రోజున గిన్నె నా ముందుకు తోసి, "పసుపు నువ్వే కలపాల. నాకు పాళ్ళు తెలీవు" అంది. ఆ రంగు చూడవలసిందిరా. ఇన్నాళ్ళూ నా తప్పు అనుకున్నది, అమ్మవారి నెత్తిన నీడయింది.

అమావాస్యనాడు సాయంత్రం డప్పులు ఆగాయి. గంగన్న మామ వారం రోజులుగా తన బెల్లం పొయ్యి దగ్గర నిలబడి ఆ పేరు వల్లె వేస్తూనే ఉన్నాడు, పాకం కలిపేవాళ్ళకు కూడా నోటికి వచ్చేసింది. ఆడవాళ్ళు వెనక నిలబడాలి కదా, నేను ఖిన్ సాన్‌ను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను. ఎవరూ అడ్డం రాలేదు. మామ గొంతు సవరించుకున్నాడు. "బసీను... ఎయ్ టిన్ కూతురు... కిన్ సాను!" అన్నాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి ఆయన ఒక్కడి గొంతు కాదు, బెల్లం పొయ్యిల దగ్గర వాళ్ళు, బళ్ళవాళ్ళు, బుట్ట నెత్తినే ఉంచుకున్న తల్లమ్మ, అంతా కలిసి పిలిచారు. గొడుగు విచ్చుకుంది. అమ్మవారి మొహం మీద పచ్చటి వెలుగు పడింది. నీ పెళ్ళాం తల వంచలేదు సన్యాసీ. చెయ్యెత్తి నమస్కారం పెట్టి నిలబడింది. నా మరదలని పక్కనున్న ప్రతివాళ్ళకీ చెప్పాను. తెలిసినవాళ్ళకు కూడా చెప్పాను.

ఇంటికొచ్చాక ఇక దాచలేకపోయాను. బియ్యం డబ్బాలోంచి ఉత్తరం తీసి, "ఖిన్ సాన్, మీ అమ్మ..." అన్నాను.

"నాకు తెలుసు వదినా" అంది. "ఆ ఉత్తరం వచ్చిన కాడ్నుంచీ నాకు అడక్కండానే రెండోసారి అన్నం ఎడుతున్నావు."

ఆ మర్నాడే కదా ఆమె తల్లి పేరు పిలవమని అడిగింది! నాకు అప్పుడు తట్టలేదు. తెలిసే అడిగింది. తెలిసే నెల రోజులు కళ్ళనీళ్ళు మింగి ఆ గొడుగు కట్టింది. "నేను ఊరు సేరేనో లేదో అమ్మకి తెలీదు. ఇంతమంది పిలిత్తే ఇనపడి ఉంటాది" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ బావ పొయ్యి వెలిగించి మా ఇద్దరికీ అన్నం వండారు. మాడబెట్టారు, అయినా తిన్నాం.

అక్క


రంగూను,
1947 ఏప్రిల్ 21

అక్కకు వెయ్యి నమస్కారాలు.

నీ ఉత్తరం పట్టుకుని బసీను వెళ్ళాను. ఎయ్ టిన్ కొట్టు ఉన్నచోట నిలబడి బర్మా మాటల్లో మొదటినుంచీ చదివాను. గొడుగులు కట్టేవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు. గంగన్న మామ మూడు బిందెల దగ్గర నవ్వారు. లుంగీ కోసిన చోట ఆడవాళ్ళు ఏడ్చారు. మూడోసారి పిలిచిన పేరు నేను చదివితే వాళ్ళూ అందరూ ఆ పేరు పలికారు. నేను బతికి ఇంత గర్వపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

పసుపు మాట వినగానే ఊ బ తిన్ నన్ను నిలదీశాడు. రసం ఆరకముందు పసుపా, అలా ఎవరైనా చేస్తారా, ఎవరు నేర్పారు అని. మా అక్క అన్నాను. మర్నాటికి తానూ ఒక చిన్న గొడుగు అలా కట్టాడు. కొట్టు ముందు వేలాడదీసి, ఇది మాది కాదు, అనకాపల్లిది అని వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు.

నాకు రెండు గదుల ఇల్లు దొరికింది. మే నెలాఖరు ఓడకు ఆమెకు టిక్కెట్టు పంపనా? నువ్వు నిర్ణయించవద్దు. ఆమెను అడిగి రాయి.

తమ్ముడు


అనకాపల్లి,
1947 మే 14

చిరంజీవి సన్యాసికి,

అడిగాను. జవాబు చెప్పేముందు నిన్న జరిగింది విను.

తల్లమ్మ రాంబిల్లి నుంచి నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళ గంగమ్మ తల్లికి గొడుగు కట్టాలట, మనలాగే పేరు పిలుస్తారట. వాళ్ళ పెద్ద చేతులు కట్టుకుని, "బసీనని పిలవాలా అమ్మా? ఊరు తప్పు పిలిత్తే బాగోదు" అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో!

ఖిన్ సాన్ వెదురు చీలుస్తూనే చెప్పింది. "మా అమ్మ గొడుక్కి పసుపు లేదు. అమ్మ పేరు ఒకసారి పిలిసేరు, ఆవిడికి సేరింది. ఇది పసుపు గొడుగు. పసుపు గొడుగు అనకాపల్లిది. ఆ ఊరే పిలవండి."

"మరి మా తుమికి రసమో?" అని తల్లమ్మ దెబ్బలాట పెట్టుకుంది. అదింకా తెగలేదు.

టిక్కెట్టు పంపవద్దంది. ఎలమంచిలి నుంచి కూడా గొడుగు అడిగారు, పుల్లలు నునుపు చేయడానికి మనిషి కావాలట. "ఆయన్నే రమ్మను" అంది. నేను నిర్ణయించలేదు, నువ్వు అడగమన్నావు, అడిగాను. పెరటి దడి కూడా ఎవరో ఒకరు మళ్ళీ కట్టాలి. వానలు పడేలోగా రా.

జాతర అయినప్పటి నుంచి ఆమెకు అక్షరాలు నేర్పుతున్నాను. ఈ ఉత్తరం చివర తానూ సంతకం చేస్తానంది. ఊరి పేరు ఎలా రాయాలో మాత్రం నన్ను అడిగింది. తన పేరు తానే రాసుకుంది.

అక్క
కనకమహాలక్ష్మి

అనకాపల్లి ఖిన్ సాన్